జాషువా లారెన్స్ ఛాంబర్లేన్

జాషువా లారెన్స్ ఛాంబర్లేన్ (సెప్టెంబర్ 8, 1828 – ఫిబ్రవరి 24, 1914) అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మెయిన్ రాష్ట్రమునకు చెందిన భాషాపండితుడు, సైనికాధికారి, రాజకీయవేత్త మరియు విద్యావేత్త. అమెరికా అంతర్యుద్ధములో (1861–1865) ఉత్తరాది సైన్యము తరఫున పోరాడి మేజర్ జనరల్ హోదా వరకు ఎదిగాడు. 1863 జూలై 2న గెట్టిస్‌బర్గ్ యుద్ధములో లిటిల్ రౌండ్ టాప్ అనే గుట్టను కాపాడినందుకు ఇతనికి అమెరికా దేశపు అత్యున్నత సైనిక పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్ 1893లో లభించింది. యుద్ధానంతరము నాలుగు పర్యాయములు మెయిన్ రాష్ట్ర గవర్నరుగాను, 12 సంవత్సరములు బోడిన్ కళాశాల అధ్యక్షునిగాను పనిచేశాడు.

1864లో తగిలిన ఒక తూటా గాయము ఇతనిని యాభై సంవత్సరముల పాటు బాధించి, చివరకు మరణకారణమైంది. ఆ గాయముతోనే ఇతడు రాష్ట్రమును పాలించాడు, కళాశాలను నడిపాడు, వృద్ధాప్యములో ముగ్గురు మనుమరాండ్రకు ప్రియమైన తాతగా మెలిగాడు.

బాల్యము, విద్యాభ్యాసము

ఛాంబర్లేన్ మెయిన్ రాష్ట్రములోని బ్రూవర్ పట్టణములో జన్మించాడు. పెనోబ్‌స్కాట్ నది ఒడ్డున ఉన్న ఈ పట్టణమునకు ఆవలి ఒడ్డున బాంగోర్ నగరమున్నది. తల్లిదండ్రుల ఐదుగురు సంతానములో ఇతడు పెద్దవాడు. 1812 యుద్ధకాలములో అమెరికా నౌకాదళములో పేరుపొందిన కెప్టెన్ జేమ్స్ లారెన్స్ జ్ఞాపకార్థము తండ్రి ఇతనికి లారెన్స్ జాషువా అని పేరు పెట్టాడు. తరువాతి కాలములో ఇతడే ఆ రెండు పేర్ల వరుసను మార్చుకున్నాడు. తాత 1812 యుద్ధములో స్థానిక దళమునకు కల్నల్‌గా పనిచేశాడు. కుమారుడు సైనికుడు కావలెనని తండ్రి, మతబోధకుడు కావలెనని తల్లి కోరుకునేవారు.

బాల్యములో ఛాంబర్లేన్‌కు నత్తి ఉండేది. కొన్ని అక్షరములతో మొదలయ్యే మాటలు పలకడము చాలా కష్టమయ్యేది. మాటను పాటలాగా ఒక లయలో పలకడము అభ్యసించి ఆ లోపమును అధిగమించాడు. తరువాత ఇదే వ్యక్తి కళాశాలలో వక్తృత్వశాస్త్రమును బోధించాడు, వేలాదిమంది ఎదుట ఉపన్యాసములిచ్చాడు.

బ్రన్స్‌విక్ పట్టణములోని బోడిన్ కళాశాలలో ప్రవేశమునకు గ్రీకు భాష తప్పనిసరిగా రావలసి ఉండేది. ఛాంబర్లేన్ ఇంటి అటకపై కూర్చుని స్వయముగా గ్రీకు నేర్చుకుని 1848లో ఆ కళాశాలలో చేరాడు. 1852లో పట్టభద్రుడయ్యాడు. అక్కడ ఆచార్యునిగా ఉన్న కాల్విన్ స్టోవ్ భార్య హారియట్ బీచర్ స్టోవ్ ఆ కాలములోనే బానిసత్వమునకు వ్యతిరేకముగా అంకుల్ టామ్స్ క్యాబిన్ అనే నవలను రచించింది. ఆమె తన ఇంట జరిగే సమావేశములలో నవలలోని భాగములను చదివి వినిపించేది. ఆ శ్రోతలలో ఛాంబర్లేన్ కూడా ఉన్నాడు.

తదుపరి మూడు సంవత్సరములు బాంగోర్ దైవశాస్త్ర విద్యాలయములో చదివి 1855లో విద్య ముగించాడు. అయితే మతబోధక వృత్తిని చేపట్టక బోడిన్ కళాశాలలో అధ్యాపకునిగా చేరాడు. మొదట వక్తృత్వశాస్త్రము, తరువాత ఆధునిక ఐరోపా భాషలు బోధించాడు. గ్రీకు, లాటిన్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, ఇటాలియన్ భాషలతో బాటు హీబ్రూ, అరబిక్, సిరియాక్ భాషలను కూడా అభ్యసించాడు.

వివాహము, కుటుంబము

1855 డిసెంబర్ 7న ఛాంబర్లేన్ ఫ్రాన్సిస్ కరోలిన్ ఆడమ్స్‌ను వివాహమాడాడు. ఫానీ అని పిలువబడే ఆమె బ్రన్స్‌విక్ చర్చి మతగురువు జార్జ్ ఆడమ్స్ ఇంట పెంపుడు కుమార్తెగా పెరిగింది. చిత్రకళ, సంగీతము తెలిసిన విద్యావంతురాలు. వీరికి ఐదుగురు సంతానము కలుగగా ముగ్గురు శైశవములోనే మరణించారు. 1856లో జన్మించిన కుమార్తె గ్రేస్, 1858లో జన్మించిన కుమారుడు విల్లిస్ మాత్రమే జీవించారు. గ్రేస్‌ను ఇంట్లో ముద్దుగా డైసీ అని పిలిచేవారు.

1859లో ఛాంబర్లేన్ దంపతులు బ్రన్స్‌విక్‌లో ఒక ఇల్లు కొన్నారు. ప్రసిద్ధ కవి హెన్రీ వాడ్స్‌వర్త్ లాంగ్‌ఫెలో బోడిన్‌లో ఆచార్యునిగా ఉన్న రోజులలో ఆ ఇంటిలోనే కొంతకాలము అద్దెకు ఉన్నాడు. 1867లో ఛాంబర్లేన్ ఆ ఇంటిని మొత్తముగా కదిలించి మరొక వీధి మూలకు తరలించాడు. 1871లో ఇంటిని పైకెత్తి, దాని క్రింద కొత్తగా ఒక అంతస్తు కట్టించాడు.

సైన్యములో చేరిక

1861లో అంతర్యుద్ధము ప్రారంభమైనప్పుడు ఛాంబర్లేన్ వయస్సు 32 సంవత్సరములు. సైనిక విధులలో అనుభవము లేదు. బోడిన్ కళాశాల విద్యార్థులు అనేకులు సైన్యములో చేరుతుండగా తాను తరగతి గదిలో ఉండిపోవడము ఇతనికి సరికాదనిపించింది. 1862లో కళాశాల ఐరోపాలో భాషాధ్యయనము చేయుటకు ఇతనికి రెండు సంవత్సరముల సెలవు మంజూరు చేసింది. ఆ సెలవును ఉపయోగించుకొని ఇతడు యుద్ధమునకు వెళ్ళాడు. తోటి ఆచార్యులలో పలువురికి ఈ నిర్ణయము నచ్చలేదు.

గవర్నర్ ఇజ్రాయెల్ వాష్‌బర్న్ ఒక రెజిమెంటుకు కల్నల్ పదవిని ఇవ్వజూపాడు. తాను ముందు ఈ విద్య నేర్చుకోవలసి ఉన్నదని చెప్పి ఛాంబర్లేన్ క్రింది పదవి అయిన లెఫ్టినెంట్ కల్నల్‌గానే చేరాడు. 1862 ఆగస్టులో ఏర్పడిన ఈ దళము పేరు 20వ మెయిన్ పదాతి రెజిమెంటు. దీనికి కల్నల్ అడెల్బర్ట్ ఏమ్స్. వృత్తి సైనికుడైన ఏమ్స్ వద్ద ఛాంబర్లేన్ ప్రతిరాత్రి పాఠములు చెప్పించుకునేవాడు. తమ్ముడు టామ్ కూడా ఇదే రెజిమెంటులో చేరాడు. అప్పటికి డైసీకి ఐదేళ్ళు, విల్లిస్‌కు మూడేళ్ళు. శిబిరముల నుండి ఛాంబర్లేన్ భార్యకే కాక చిన్నారి కుమార్తెకు కూడా ఉత్తరములు వ్రాసేవాడు.

1862 డిసెంబర్ 13న ఫ్రెడరిక్స్‌బర్గ్ వద్ద ఈ రెజిమెంటు మొదటిసారిగా భీకర యుద్ధమును చూసింది. కొండపై రాతి గోడ వెనుక పొంచి ఉన్న దక్షిణాది సైనికులపైకి ఉత్తరాది దళములు అలలు అలలుగా వెళ్ళి కూలిపోయాయి. ఛాంబర్లేన్ తన సైనికులతో చలిరాత్రులు యుద్ధభూమి మీదనే గడిపాడు. మృతదేహములే వారికి తూటాల నుండి అడ్డు అయ్యాయి. 1863 వేసవిలో ఏమ్స్‌కు పదోన్నతి రాగా ఛాంబర్లేన్ కల్నల్ అయ్యాడు.

అదే సమయములో 2వ మెయిన్ రెజిమెంటుకు చెందిన సుమారు 120 మంది తిరుగుబాటు సైనికులను ఇతనికి అప్పగించారు. తమ సహచరులు రెండేళ్ళ సేవ ముగించుకొని ఇంటికి వెళ్ళగా, మూడేళ్ళ ఒప్పందముపై సంతకము చేసినందున వీరు ఆగిపోవలసి వచ్చింది. వారు యుద్ధము చేయుటకు నిరాకరించారు. మాట వినకపోతే కాల్చివేయుటకు కూడా అధికారము ఉన్నప్పటికీ ఛాంబర్లేన్ వారికి ముందుగా భోజనము పెట్టించి, వారి ఫిర్యాదులను విని, తన దళములలో సర్దివేశాడు. కొద్దిమంది తప్ప అందరూ మరల తుపాకులు పట్టారు. అనుభవము గల ఈ సైనికులు కొద్దిరోజులలోనే గెట్టిస్‌బర్గ్ వద్ద ఇతనికి అండగా నిలిచారు.

లిటిల్ రౌండ్ టాప్

గెట్టిస్‌బర్గ్ పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఒక చిన్న పట్టణము. 1863 జూలై 1 నుండి 3 వరకు అక్కడ జరిగిన యుద్ధము అంతర్యుద్ధములోకెల్లా అత్యధిక ప్రాణనష్టము కలిగించినది. రెండవ రోజు మధ్యాహ్నము ఉత్తరాది సైన్యపు ఎడమ కొనలో ఉన్న లిటిల్ రౌండ్ టాప్ అనే రాతిగుట్టపై రక్షణ లేదని అధికారులు గమనించారు. శత్రువు ఆ గుట్టను ఆక్రమిస్తే ఉత్తరాది సైనిక పంక్తి మొత్తము ప్రక్కనుండి దాడికి గురికాగలదు. కల్నల్ స్ట్రాంగ్ విన్సెంట్ తన బ్రిగేడుతో హుటాహుటిన గుట్ట ఎక్కాడు. అందులో చిట్టచివర, ఎడమ కొనన 20వ మెయిన్ రెజిమెంటు నిలిచింది. దానికి ఆవల ఉత్తరాది సైన్యము లేదు. ఎట్టి పరిస్థితులలోను ఆ స్థానమును విడువరాదని విన్సెంట్ ఆదేశించాడు.

అప్పటికి ఛాంబర్లేన్ వద్ద సుమారు 385 మంది ఉన్నారు. కెప్టెన్ వాల్టర్ మోరిల్ నాయకత్వములోని ఒక కంపెనీని ఇతడు ఎడమ ప్రక్కకు కాపలాగా పంపాడు. కొద్దిసేపటికే కల్నల్ విలియం ఓట్స్ నాయకత్వములోని 15వ అలబామా రెజిమెంటు దాడి ప్రారంభించింది. వారు ఆ రోజు తెల్లవారుజాము నుండి 20 మైళ్ళకు పైగా నడచి, త్రాగునీరు కూడా అందని స్థితిలో కొండ ఎక్కుతున్నారు. అయినా పలుమార్లు తీవ్రముగా దాడి చేశారు. శత్రువులు ప్రక్కనుండి చుట్టుముట్టుచున్నారని తెలిసి ఛాంబర్లేన్ తన పంక్తిని పలుచగా సాగదీసి, ఎడమ భాగమును వెనుకకు వంచాడు.

సుమారు గంటన్నర పోరు తరువాత సైనికులలో మూడవ వంతు మంది చనిపోవడమో గాయపడడమో జరిగింది. ఒక్కొక్కరికి ఇచ్చిన 60 తూటాలు కూడా అయిపోవచ్చాయి. మృతుల సంచులను వెదకి తూటాలు తీసుకొని కాల్చారు. మరొక దాడిని ఆపగల శక్తి లేదు, వెనుకకు తగ్గుటకు అనుమతి లేదు. అప్పుడు ఛాంబర్లేన్ తుపాకుల కొనలకు బాయొనెట్లు బిగించి దాడికి ఆదేశించాడు. వెనుకకు వంగి ఉన్న ఎడమ భాగము ముందుగా కదలి, తలుపు బందుమీద తిరిగినట్లు తిరిగి మిగిలిన పంక్తితో కలిసి కొండ వాలున క్రిందికి దూసుకుపోయింది. అదే సమయమునకు రాతిగోడ చాటున ఉన్న మోరిల్ కంపెనీ ప్రక్కనుండి కాల్పులు జరిపింది. అలసిపోయిన అలబామా సైనికులు చెదరిపోయారు. పలువురు పట్టుబడ్డారు. ఓట్స్ తన సోదరుడు జాన్‌ను ఆ కొండ మీదనే కోల్పోయాడు. తీవ్రముగా గాయపడిన అతడు కొన్ని వారములకు మరణించాడు. బ్రిగేడు నాయకుడు విన్సెంట్ కూడా ఆ రోజు తగిలిన గాయముతో మరణించాడు.

ఈ సంఘటనపై తరువాతి కాలములో వివాదములు వచ్చాయి. దాడి ఆదేశము ఎంతవరకు వినబడినది, మొదట ఎవరు ముందుకు దూకినారు అనే విషయములపై అదే రెజిమెంటుకు చెందిన కెప్టెన్ ఎల్లిస్ స్పియర్ భిన్నమైన వివరములను వ్రాశాడు. గాయపడినవారిని తెచ్చుకొనుటకై లెఫ్టినెంట్ హోల్మన్ మెల్చర్ ముందుగా కదిలాడని కొందరు పేర్కొన్నారు. వెనుకకు మరలాలని తాను అప్పటికే నిర్ణయించినట్లు ఓట్స్ వ్రాశాడు. తన దళము ఎంతవరకు చొచ్చుకువచ్చినది అనే విషయముపై ఓట్స్‌కు, ఛాంబర్లేన్‌కు మధ్య వృద్ధాప్యము వరకు వాదన సాగింది. గెట్టిస్‌బర్గ్‌లో గెలుపు ఈ ఒక్క రెజిమెంటు వలననే కలిగినదని నేటి చరిత్రకారులు అంగీకరించరు. అయితే ఆ స్థానము నిలిచినదని, రెజిమెంటు నాయకునిగా ఆ బాధ్యత ఛాంబర్లేన్ మీద ఉన్నదని అందరూ ఒప్పుకుంటారు.

పీటర్స్‌బర్గ్ గాయము

1864 జూన్ 18న వర్జీనియా రాష్ట్రములోని పీటర్స్‌బర్గ్ వద్ద ఛాంబర్లేన్ తన బ్రిగేడును దాడికి నడిపిస్తుండగా ఒక తూటా కుడి తుంటిలో ప్రవేశించి ఎడమవైపు వరకు చొచ్చుకుపోయింది. మూత్రాశయము, మూత్రనాళము దెబ్బతిన్నాయి. తాను పడిపోతే సైనికులు ఆగిపోతారని భావించి ఇతడు కత్తిని నేలలో గుచ్చి, దానిపై ఆనుకుని నిలబడ్డాడు. సైనికులందరు దాటిపోయిన తరువాత రక్తస్రావముతో కూలిపోయాడు.

క్షేత్ర వైద్యశాలలోని వైద్యులు బ్రతకడని తేల్చారు. తమ్ముడు టామ్ వెదకి తీసుకువచ్చిన ఇద్దరు వైద్యులు రాత్రంతా శస్త్రచికిత్స చేశారు. వారిలో ఒకరు 20వ మెయిన్ రెజిమెంటు వైద్యుడు అబ్నర్ షా. మరణము తప్పదనుకొని సైన్యాధిపతి యులిసిస్ గ్రాంట్ ఇతనికి అక్కడికక్కడే బ్రిగేడియర్ జనరల్‌గా పదోన్నతి ఇచ్చాడు. పత్రికలలో మరణవార్త కూడా ప్రచురితమైంది. కాని ఛాంబర్లేన్ కోలుకుని ఐదు నెలలలో మరల సైన్యములో చేరాడు.

అప్పటి వైద్యములో యాంటీబయాటిక్స్ లేవు. మూత్రనాళము వద్ద ఏర్పడిన రంధ్రము మానలేదు. తరచు అంటురోగము సోకి జ్వరము, నొప్పి వచ్చేవి. తరువాత పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగినా పూర్తి స్వస్థత చేకూరలేదు. బయట నిటారుగా గుర్రముపై కనిపించే ఈ జనరల్ పరిస్థితి ఇంటివారికి, వైద్యులకు మాత్రమే తెలిసేది.

1865 మార్చి 29న క్వేకర్ రోడ్ వద్ద మరొక తూటా ఇతని గుర్రము షార్లమేన్ మెడను చీల్చుకుని వచ్చి ఇతని చేతిని, ఛాతీని గాయపరచింది. రక్తములో తడిసిన ఇతడు చెదరిన సైనికులను మరల కూడగట్టాడు. ఆ పోరాటమునకు గాను మేజర్ జనరల్ గౌరవహోదా లభించింది. యుద్ధకాలమంతటిలో ఛాంబర్లేన్ ఆరుసార్లు గాయపడ్డాడు.

అపొమాటాక్స్

1865 ఏప్రిల్ 9న దక్షిణాది సైన్యాధిపతి రాబర్ట్ ఇ. లీ వర్జీనియాలోని అపొమాటాక్స్ వద్ద లొంగిపోయాడు. ఏప్రిల్ 12న దక్షిణాది పదాతి దళములు ఆయుధములను సమర్పించాయి. సరిగ్గా నాలుగేళ్ళ క్రితము ఇదే తేదీన ఫోర్ట్ సమ్టర్ కోటపై కాల్పులతో యుద్ధము ప్రారంభమైంది. ఆయుధములు స్వీకరించే దళము ముందు ఛాంబర్లేన్ ఉన్నాడు. ఓడినవారు తమ ముందునుండి నడచి వెళుతుండగా ఇతడు తన సైనికులను ఆయుధములు ఎత్తి గౌరవము చూపవలసినదిగా ఆదేశించాడు. ముందు వరుసలో తల వంచుకుని వస్తున్న జనరల్ జాన్ గోర్డన్ దీనిని గమనించి, గుర్రమును త్రిప్పి, ఖడ్గముతో ప్రతివందనము చేసి తన సైనికులచేత కూడా గౌరవము చేయించాడు.

ఈ సంఘటన గురించిన వివరములు ప్రధానముగా ఈ ఇద్దరి తరువాతి రచనల నుండి లభించాయి. అందువలన కొన్ని అంశములపై చరిత్రకారులు సందేహములు వెలిబుచ్చారు. శత్రువును గౌరవించినందుకు ఉత్తరాదిలో కొందరు ఛాంబర్లేన్‌ను విమర్శించారు.

గవర్నరుగా

1866లో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిగా ఛాంబర్లేన్ మెయిన్ గవర్నరుగా ఎన్నికయ్యాడు. అప్పటికి ఆ రాష్ట్ర చరిత్రలో అదే అతి పెద్ద ఆధిక్యత. ఆ కాలములో పదవీకాలము ఒక సంవత్సరము మాత్రమే. వరుసగా నాలుగుసార్లు గెలిచి 1867 జనవరి నుండి 1871 జనవరి వరకు పదవిలో ఉన్నాడు. రాష్ట్ర వ్యవసాయ మరియు యాంత్రిక విద్యా కళాశాల ఇతని కాలములోనే 1868లో తరగతులు ప్రారంభించింది. అదే తరువాత మెయిన్ విశ్వవిద్యాలయమైంది. ఉత్తర మెయిన్ అడవులలో స్థిరపడుటకు స్వీడన్ నుండి వలసదారులను రప్పించే పథకమునకు మద్దతు ఇచ్చాడు. దాని ఫలితముగా 1870లో న్యూ స్వీడన్ అనే గ్రామము ఏర్పడింది.

ఇతని కొన్ని నిర్ణయములు స్వపక్షములోనే వ్యతిరేకతను తెచ్చాయి. మద్యనిషేధ చట్టము అమలుకు ప్రత్యేక పోలీసు దళము ఏర్పాటు చేయడమునకు ఇతడు అంగీకరించలేదు. 1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌పై అభిశంసన విచారణలో నిర్దోషి అని ఓటు వేసిన మెయిన్ సెనేటరు విలియం ఫెసెండెన్‌ను సమర్థించాడు. మరణశిక్ష విషయములో, చట్టము అమలులో ఉన్నంతవరకు దానిని పాటించవలసినదేనని భావించి 1869లో క్లిఫ్టన్ హారిస్ అనే నల్లజాతీయుని ఉరిశిక్షను అమలు చేయించాడు. దీనిపై తీవ్ర విమర్శలు వచ్చాయి.

ఈ సంవత్సరములు కుటుంబమునకు కూడా కష్టకాలము. భర్త రాజధాని అగస్టాలో, భార్య బ్రన్స్‌విక్‌లో ఉండేవారు. గాయము బాధించేది. 1868లో ఫానీ విడాకుల ఆలోచన చేసినట్లు, భర్త తనను హింసించాడని పరిచయస్థులతో చెప్పినట్లు ఆనాటి ఛాంబర్లేన్ ఉత్తరము వలన తెలుస్తున్నది. ఆ ఉత్తరములో ఇతడు బహిరంగ వివాదము కంటె నిశ్శబ్దముగా విడిపోవడము మేలని సూచించాడు. చివరకు వారు విడిపోలేదు. ఈ ఆరోపణల నిజానిజములపై జీవితచరిత్రకారులలో ఏకాభిప్రాయము లేదు.

బోడిన్ కళాశాల అధ్యక్షునిగా

1871లో ఛాంబర్లేన్ తాను చదివిన బోడిన్ కళాశాలకు అధ్యక్షుడయ్యాడు. ప్రాచీన భాషలకే ప్రాధాన్యమున్న ఆ కళాశాలలో విజ్ఞానశాస్త్రము, ఇంజనీరింగు విభాగములను ప్రవేశపెట్టాడు. 1878లో పారిస్ ప్రపంచ ప్రదర్శనకు అమెరికా ప్రతినిధులలో ఒకనిగా వెళ్ళి, అక్కడి విద్యావిభాగముపై నివేదిక వ్రాశాడు.

విద్యార్థులకు తప్పనిసరి సైనిక శిక్షణ పెట్టడము మాత్రము బెడిసికొట్టింది. 1874లో విద్యార్థులు కవాతుకు రామని మూకుమ్మడిగా నిరాకరించారు. తిరుగుబాటు సైనికులను మంచిమాటతో దారికి తెచ్చిన ఛాంబర్లేన్ ఈసారి విద్యార్థులను ఇళ్ళకు పంపివేసి, గడువులోగా విధేయత తెలుపవలెనని ఉత్తరములు వ్రాయించాడు. దాదాపు అందరూ తిరిగివచ్చారు. కాని కవాతు ఆ తరువాత ఐచ్ఛికమై, 1882 నాటికి పూర్తిగా రద్దయింది.

1880 జనవరి సంక్షోభము

1879 ఎన్నికల ఫలితములపై మెయిన్ రాష్ట్రములో తీవ్రమైన వివాదము తలెత్తింది. శాసనసభలో తామే అధికులమని రెండు పక్షములు వాదించాయి. సాయుధ గుంపులు అగస్టా చేరుకున్నాయి. రాష్ట్ర సైనిక దళమునకు మేజర్ జనరల్‌గా ఉన్న ఛాంబర్లేన్‌ను శాంతిభద్రతలు కాపాడమని గవర్నర్ గార్సెలాన్ పిలిపించాడు. 1880 జనవరిలో సుమారు పన్నెండు రోజులు శాసనసభ భవనము ఇతని ఆధీనములో ఉన్నది.

ఇతడు సైన్యమును పిలిపించక స్థానిక పోలీసుల సహాయముతోనే పరిస్థితిని నెట్టుకువచ్చాడు. సైన్యమును దింపమని తన సొంత పార్టీ పెద్దలు వత్తిడి చేసినా వినలేదు. చంపుతామని, ఎత్తుకుపోతామని బెదిరింపులు వచ్చాయి. ఒక సందర్భములో తనను చంపుటకు వచ్చిన గుంపు ఎదుట కోటు విప్పి నిలబడగా వారు వెనుదిరిగారు. రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము రిపబ్లికన్ శాసనసభ చట్టబద్ధమైనదని తీర్పు ఇచ్చిన పిదప ఇతడు అధికారమును అప్పగించి ఇంటికి వెళ్ళాడు. ఒక్క తూటా కూడా పేలకుండా సంక్షోభము ముగిసింది. రెండు పక్షములను అసంతృప్తిపరచినందున ఇతని రాజకీయ భవిష్యత్తు కూడా దానితోనే ముగిసింది.

తరువాతి జీవితము

1883లో గాయమునకు మరొక పెద్ద శస్త్రచికిత్స జరిగింది. ఆరోగ్యము క్షీణించి అదే సంవత్సరము కళాశాల అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. తదుపరి ఫ్లోరిడాలో భూములు, రైలుమార్గముల వ్యాపారములలో ప్రవేశించినా పెద్దగా లాభము పొందలేదు. యుద్ధము గురించి ఉపన్యాసములు, వ్యాసములు వ్రాస్తూ మాజీ సైనికుల సంఘములలో చురుకుగా పాల్గొన్నాడు. మాజీ సైనికుల పింఛనుల కొరకు పాటుపడ్డాడు. 1889 అక్టోబరులో గెట్టిస్‌బర్గ్‌లో మెయిన్ సైనికుల స్మారకముల ప్రతిష్ఠ సందర్భముగా ప్రసంగించాడు.

1893 ఆగస్టులో, యుద్ధము జరిగిన 30 సంవత్సరములకు, లిటిల్ రౌండ్ టాప్‌ను నిలబెట్టుకొనుటలో చూపిన సాహసమునకు మెడల్ ఆఫ్ ఆనర్ ప్రదానము చేశారు. అప్పటికి ఇతనికి 64 సంవత్సరములు. వృద్ధాప్యములో కూడా జీవనోపాధి అవసరమైనందున పోర్ట్‌లాండ్ రేవులో సుంకముల శాఖకు చెందిన సర్వేయరు పదవిని స్వీకరించి మరణించేవరకు అందులో కొనసాగాడు.

తాతగా

కుమార్తె గ్రేస్ 1881లో బోస్టన్ న్యాయవాది హొరేస్ అలెన్‌ను వివాహమాడింది. కుమారుడు విల్లిస్ న్యాయశాస్త్రము చదివి, విద్యుత్ పరికరముల పరిశోధనలో గడిపాడు, వివాహము చేసుకోలేదు. అందువలన ఛాంబర్లేన్‌కు మనుమసంతానము గ్రేస్ కుమార్తెలు మాత్రమే. పెద్దది ఎలియనార్ 1893లో, అనగా తాతకు పతకము వచ్చిన సంవత్సరములోనే జన్మించింది. రెండవది బియాట్రిస్ 1896లోను, చిన్నది రోజమండ్ 1898లోను జన్మించారు.

ముగ్గురు పసిబిడ్డలను పోగొట్టుకొని, ఉన్న ఇద్దరు బిడ్డల బాల్యములో ఎక్కువ భాగము యుద్ధభూమిలోను, తరువాత రాజధానిలోను గడిపిన ఛాంబర్లేన్‌కు ఈ ముగ్గురు బాలికలు వృద్ధాప్యములో గొప్ప సంతోషమును ఇచ్చారు. జనరల్ అనే మాటను కుదించి వారు తాతను ముద్దుగా జెన్నీ అని పిలిచేవారు. బ్రన్స్‌విక్ సమీపములో కాస్కో అఖాతపు ఒడ్డున సింప్సన్స్ పాయింట్ వద్ద ఇతనికి డోమ్‌హెగన్ అనే వేసవి విడిది ఉండేది. ఇతని యుద్ధాశ్వము షార్లమేన్‌ను పాతిపెట్టినది కూడా అక్కడనే. వేసవి సెలవులలో కూతురి కుటుంబము అక్కడికి వచ్చేది. పినాఫోర్ అనే తన తెరచాప పడవలో తాత మనుమరాండ్రను అఖాతములో త్రిప్పేవాడు. వారు బోస్టన్‌లో ఉన్నప్పుడు ఉత్తరములు వ్రాసేవాడు. నలభై సంవత్సరముల క్రితము శిబిరముల నుండి డైసీకి ఉత్తరములు వ్రాసిన అలవాటు ఆమె బిడ్డలకు కూడా కొనసాగింది.

1900 ప్రాంతమునకు ఫానీ చూపు పూర్తిగా పోయింది. ఒకప్పుడు విడిపోవుటకు దగ్గరైన ఈ దంపతులు చివరి సంవత్సరములలో ఒకరికొకరు తోడుగా ఉన్నారు. 1905లో ఫానీ మరణించింది. భార్య పోయిన తరువాత ఛాంబర్లేన్‌కు కుమార్తె కుటుంబమే ప్రధానమైన ఆధారమయ్యింది.

మరణము

1913లో గెట్టిస్‌బర్గ్ యుద్ధమునకు 50 సంవత్సరములు నిండిన సందర్భముగా ఉత్తర దక్షిణ ప్రాంతముల మాజీ సైనికుల సమ్మేళనము ఏర్పాటైంది. దాని సన్నాహములలో మెయిన్ రాష్ట్ర ప్రతినిధిగా పాల్గొని, ఆ మే నెలలో ఛాంబర్లేన్ చివరిసారిగా గెట్టిస్‌బర్గ్ వెళ్ళాడు. జూలైలో జరిగిన సమ్మేళనమునకు మాత్రము అనారోగ్యము వలన వెళ్ళలేకపోయాడు.

1914 ఫిబ్రవరి 24న పోర్ట్‌లాండ్‌లో తన 85వ ఏట మరణించాడు. పీటర్స్‌బర్గ్ గాయమునకు మరల సోకిన అంటురోగము ఇందుకు కారణము. అర్ధశతాబ్దము క్రితము ఇతని ప్రాణము నిలిపిన వైద్యుడు అబ్నర్ షా ఆఖరి రోజులలో కూడా ప్రక్కన ఉన్నాడు. అంతర్యుద్ధ గాయముల వలన మరణించిన చివరి సైనికుడు ఛాంబర్లేనేనని పలువురు భావిస్తారు. పోర్ట్‌లాండ్ నగర సభాభవనములోను, బ్రన్స్‌విక్ చర్చిలోను అంత్యక్రియల ప్రార్థనలు జరిగాయి. బోడిన్ కళాశాల సమీపములోని పైన్ గ్రోవ్ శ్మశానవాటికలో భార్య సమాధి ప్రక్కనే ఇతనిని సమాధి చేశారు. యుద్ధపు చివరి దినములపై ఇతడు వ్రాసిన ది పాసింగ్ ఆఫ్ ది ఆర్మీస్ అనే పుస్తకము మరుసటి సంవత్సరము, 1915లో వెలువడింది.

స్మృతి

మరణానంతరము కొన్ని దశాబ్దములు ఛాంబర్లేన్ పేరు మెయిన్ రాష్ట్రము వెలుపల పెద్దగా వినబడలేదు. 1957లో జాన్ పులెన్ వ్రాసిన 20వ మెయిన్ రెజిమెంటు చరిత్ర ఆసక్తిని మరల రేకెత్తించింది. 1974లో వెలువడి మరుసటి సంవత్సరము పులిట్జర్ బహుమతి పొందిన మైకేల్ షారా నవల ది కిల్లర్ ఏంజెల్స్‌లో ఛాంబర్లేన్ ప్రధాన పాత్రలలో ఒకడు. ఆ నవల ఆధారముగా 1993లో గెట్టిస్‌బర్గ్ అనే చలనచిత్రము వచ్చింది. అందులో జెఫ్ డేనియల్స్ ఈ పాత్రను పోషించాడు. ఈ ప్రసిద్ధి వలన మిగిలిన రెజిమెంటుల కృషి మరుగున పడిందని కొందరు చరిత్రకారుల అభిప్రాయము.

బ్రూవర్, బాంగోర్‌లను కలిపే వంతెనలలో ఒకదానికి ఇతని పేరు పెట్టారు. బ్రన్స్‌విక్‌లో 2003లో ఇతని విగ్రహమును నెలకొల్పారు.

బ్రన్స్‌విక్‌లోని ఇంటిని చిన్న మనుమరాలు రోజమండ్ 1939లో అమ్మివేసింది. తరువాత దానిని గదులుగా విభజించి అద్దెలకు ఇచ్చారు. శిథిలమవుతున్న ఆ ఇంటిని 1983లో స్థానిక పెజెప్‌స్కాట్ చరిత్ర సంస్థ కొని, బాగుచేసి, మ్యూజియముగా మార్చింది.

ముగ్గురు మనుమరాండ్రకు సంతానము లేనందున, 2000లో రోజమండ్ మరణముతో ఛాంబర్లేన్ వంశము అంతరించింది. ఆమె వస్తువులలో కొన్ని మాసచుసెట్స్ రాష్ట్రములోని డక్స్‌బరీ పట్టణపు చర్చికి చేరాయి. ఆ చర్చి నిర్వహించిన అమ్మకములో కొన్న ఒక పుస్తకము వెనుక 1893 నాటి అసలు మెడల్ ఆఫ్ ఆనర్ దొరికింది. దొరికిన వ్యక్తి తన పేరు చెప్పక దానిని పెజెప్‌స్కాట్ చరిత్ర సంస్థకు తపాలాలో పంపగా, నిపుణులు పరిశీలించి అది నిజమైనదేనని 2013లో ధ్రువీకరించారు. దేశము ఇచ్చిన పతకము ఆ విధముగా మనుమరాలి వద్ద భద్రముగా ఉండి, తిరిగి తాత ఊరికి చేరుకున్నది.